మూడో ‘చాలు’

అప్పట్లో నా వెన్ను ఇప్పటికంటే నిటారుగా ఉండేది. వయసులో ఉండటం ఒక్కటే కారణం కాదు. మా వంశంలో మగవాళ్ళు వంగి నడవరని చిన్నప్పుడు ఎవరో చెప్పారు, నేను నమ్మాను. మరిపెడ దగ్గర మా ఊళ్ళో మాకొక గడి, అంటే కోటలాంటి దొరల ఇల్లు, ఉండేదని, దాని గడప దాటి లోపలికి వచ్చిన మనిషి భోజనం చేయకుండా తిరిగి వెళ్ళిన రోజు లేదని వింటూ పెరిగాను. నాకు ఊహ తెలిసేనాటికి ఆ గడిలో మిగిలినవి రెండు మొండిగోడలు, ఒక దర్వాజా. (దర్వాజాకు తలుపులు లేవు. అయినా మా నాన్న దాన్ని దాటే ముందు, ఎవరో లోపలి నుంచి గడియ తీస్తారన్నట్టు ఒక్క క్షణం ఆగేవాడు.) ఇక నా వంతుకు వచ్చిన ఆస్తి ఒక ఇత్తడి గరిటె, దానితో పాటు భోజనాలకు సంబంధించిన కొన్ని కట్టుబాట్లు. ఆ కట్టుబాట్లనే నేను పొలాల్లా, తోటల్లా కాపాడుకుంటూ వచ్చాను.

అవేమిటో ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. వండినది అతిథి తినకముందు ఎవరూ నోట పెట్టకూడదు, రుచి కోసం కూడా; పెడితే అది ఎంగిలి, ఎంగిలి అతిథికి పెట్టడం మహాపాపం. అతిథులు తిని లేచేదాకా ఇంటి యజమాని కూర్చోకూడదు, నిలబడి తన చేత్తో తానే వడ్డించాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, విస్తరి ముందు కూర్చున్నవాడు ‘చాలు’ అనగానే గరిటె ఆపకూడదు. మొదటి ‘చాలు’ మొహమాటం, రెండోది మర్యాద, మూడోదే నిజం. మూడోది వినబడకముందే చెయ్యి వెనక్కి తీసుకుంటే ఆ ఇంటికి తలవంపులు.

ఈ సరంజామాతో నేను హన్మకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పడానికి చేరాను. మట్టెవాడలో ఒక మేడమీద గది, వంటకు పక్కనే చిన్న వసారా. స్టాఫ్‌రూములో ఎవరినీ పేరు పెట్టి పిలిచేవారు కాదు, సబ్జెక్టు పెట్టి పిలిచేవారు. అందరికంటే పెద్దవాడు, భారీ మనిషి, ఫిజిక్స్ అన్న. నోటికి పదునెక్కువైన జువాలజీ అక్క. కొత్తగా చేరిన బక్కపలుచని ఇంగ్లిష్ తమ్ముడు. ఆ లెక్కన నేను సివిక్స్‌ను కావాలి. కానీ నన్ను ‘దొర’ అన్నారు. అది గౌరవమని నేను ఆరు నెలలు నమ్మాను.

మా నలుగురికీ ఆదివారం మధ్యాహ్నం దావత్ ఉండేది. వంతుల వారీగా ఒకరి ఇంట్లో వంట, ఎవరి వంతు వస్తే వాళ్ళు తమ చేతులతో వండాలి, బయట నుంచి ఏదీ తేకూడదు. ఫిజిక్స్ అన్న బగారా అన్నం చేస్తే ఆ వాసనకు కింది వాటాల పిల్లలు మెట్ల మీదికి వచ్చేవారు. జువాలజీ అక్క సర్వపిండి, సొరకాయ ఖీర్ చేసేది. ఇంగ్లిష్ తమ్ముడు డబుల్ కా మీఠా మొదలుపెట్టి, రొట్టె ముక్కలు సగం మాడ్చి, మాడనివన్నీ మాకు పెట్టి మాడినవి తను తినేవాడు. నేను? నేను తినేవాణ్ణి. తింటూ, మా ఇంట్లో ఇదే వంటకం ఎలా ఉండేదో వివరించేవాణ్ణి. మా నాయనమ్మ హయాంలో బెల్లపు పరమాన్నం ఎంత చిక్కగా, ఎంత నల్లగా నిగనిగలాడేదో చెప్పేవాణ్ణి. వాళ్ళు రెండోసారి వడ్డించడానికి వస్తే చెయ్యి అడ్డుపెట్టి, మూడు ‘చాలు’ల సిద్ధాంతం బోధించి, మూడోది అనకుండా జాగ్రత్తపడేవాణ్ణి.

నా వంతు మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ దాటిపోయింది. నాలుగోసారి స్టాఫ్‌రూములో జువాలజీ అక్క పట్టుకుంది.

“దొరా, ఈ ఐతారం నీది.”

“ఈ వారం వీలుపడదక్కా. ఊళ్ళో తద్దినం ఉంది.”

“పోయినసారి గూడ తద్దినమే అన్నవ్. అంతకుముందు గదే. ఎంతమంది తాతలయ్యా నీకు?”

“ఊకో చెల్లె,” అన్నాడు ఫిజిక్స్ అన్న, పేపర్లు దిద్దుతున్నవాడు తల ఎత్తకుండానే. “దొరలు వండుతరా? వండిపిచ్చుకుంటరు గని.”

“గట్లయితె ఇంట్ల కూసొని వండిపిచ్చుకోమను. నేను చెప్తాన ఇగో, ఈ ఐతారం నువ్వు వండకుంటే వచ్చే ఐతారం సంది మా ఇంట్ల నీకు ఇస్తరాకు వెయ్య. అన్న గూడ వెయ్యడు. ఏమంటవన్నా?”

ఫిజిక్స్ అన్న పెన్ను మూత పెట్టి, కొంచెం బాధగానే, “వెయ్య తమ్మీ,” అన్నాడు.

దీన్ని నవ్వులాటగా తీసుకోగలిగే మనిషినైతే బాగుండేది. కానీ ఆ నగరంలో నాతో మాట్లాడే మనుషులు ఆ ముగ్గురే. వారంలో ఆరు రోజులు మెస్సులో గోడవైపు తిరిగి తినేవాణ్ణి. ఏడో రోజు ఆ విస్తరి కోసమే ఎదురుచూసేవాణ్ణని అప్పుడు ఒప్పుకునేవాణ్ణి కాదు గానీ, ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆ విస్తరి పోతే ఇక నాకు మిగిలేది ఇత్తడి గరిటె. అందుకని లేచి నిలబడి (కూర్చుని చెప్పినా సరిపోయేది) ప్రకటించాను: “వండుతాను. మా ఇంటి పరమాన్నం ఒక్కసారి తింటే జీవితంలో మరిచిపోరు.”

ఆ మాట మాత్రం నిజమైంది.

నాకు పొయ్యి వెలిగించడం తప్ప వంట రాదు. వచ్చిన మనిషి ఒకామె మడికొండలో ఉంది. గడి పచ్చగా ఉన్న రోజుల నుంచి, మేము చిన్న పెంకుటింట్లోకి మారాక కూడా, ముప్పయ్యేళ్ళు మా ఇంట్లో వండిన వంటవ్వ. ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది. కానీ మా ఇంట్లో పని చేసిన మనిషి దగ్గరికి వెళ్ళి నాకు వంట నేర్పమని అడగడమా? అందుకని యోగక్షేమాలు కనుక్కోవడానికి వచ్చినట్టు వెళ్ళాను. వంటవ్వ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నన్ను చూసి నవ్వింది గానీ లేవలేదు. మోకాళ్ళ నొప్పులు కాబోలనుకుని మనసులోనే క్షమించాను. (కాసేపటికి లోపల ఫోన్ మోగితే చకచకా లేచి వెళ్ళింది.)

“ఏం బిడ్డా, గిట్లొచ్చినవ్?” అంది తిరిగి వచ్చి. చిన్నప్పుడు ‘చిన్నదొరా’ అనేది. ఆ తేడా నేను గమనించాను, గమనించనట్టు కూర్చున్నాను.

“ఊరికే. ఇటువైపు పనుండి వచ్చాను. ఎందుకో నీ పరమాన్నం గుర్తొచ్చింది. ఎలా చేసేదానివి?”

“బెల్లపన్నమా? అందరు చేసినట్టే. బియ్యం మెత్తగ ఉడకాలె, పాలు పొయ్యాలె, దించినంక బెల్లం ఎయ్యాలె, నెయ్యి పొయ్యాలె.”

“బెల్లం ఎంత?”

“అందాదగ.”

“అందాదగా అంటే?”

“ఎంత పడితే గంత. నీకే ఎరుకైతది.”

“కోడికూరలో ఉప్పు?”

“గది గూడ అందాదనే.” చిక్కుడుకాయ చేతిలోనే ఆపి నా మొహం చూసింది. “ఎవలొస్తాండ్రు బిడ్డా? పిల్లనిచ్చేటోళ్ళా?”

“ఎవరూ రావట్లేదు. ఊరికే అడిగాను.”

గేటు దాకా వచ్చాక వెనక నుంచి కేకేసింది. “జర నోట్లె ఏసుకొని చూసుకుంట చెయ్యి బిడ్డా!”

నేను వెనక్కి తిరిగి, కొంచెం గంభీరంగానే, “మా ఇంట్లో ఆ అలవాటు లేదు కదా. నీకు తెలియనిదా?” అన్నాను. వంటవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని తెలిసింది, ఎందుకో తెలియలేదు.

శనివారం బెల్లం కోసం బజారుకు వెళ్ళాను. కిరాణా సేటు నాలుగు రకాల బెల్లం దిమ్మలు ముందు పెట్టాడు. అన్నిటికంటే నల్లగా ఉన్నదాన్ని చూపించాను. నాయనమ్మ పరమాన్నం రంగు అదే మరి. సేటు చిన్న పెళ్ల విరిచి నా చేతికి ఇవ్వబోయాడు.

“నోట్లె ఏసుకోండ్రి సారూ.”

“అక్కర్లేదు.”

“అట్ల కాదు సారూ, బెల్లం ఒక్కతీర్గ ఉండదు. ఒకటి తియ్యగుంటది, ఒకటి ఒగరుంటది, చౌడునేలల పండిన చెరుకుదైతె ఉప్పగ గూడ ఉంటది. గందుకే చూడుమంటాన.”

“పదిమందికి పెట్టేది నేను ముందే నోట్లో వేసుకోను. కట్టండి.”

(వస్తున్నది ముగ్గురే. మా ఇంట్లో ముగ్గురికి వండిన చరిత్ర లేదు కాబట్టి పదిమంది అన్నాను.) సేటు ఆ పెళ్లను తనే నోట్లో వేసుకున్నాడు. ఒక్క క్షణం ఆగాడు. నన్నొకసారి, దిమ్మనొకసారి చూశాడు. నేను తల తిప్పుకుని రోడ్డు చూస్తున్నాను. ఇంకేమీ అనకుండా కట్టి ఇచ్చాడు. ఆయన్ని తప్పుపట్టను.

ఆదివారం ఉదయం వంటకు దిగాను. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకునే దిగాను. గంజి వంచేటప్పుడు రెండు వేళ్ళు, మసాలా వేయించేటప్పుడు మూడో వేలు, గిన్నె దించేటప్పుడు ఎడమచేతి బొటనవేలు కాలాయి. చేతిరుమాలు చింపి పట్టీలు కట్టుకున్నాను. కోడికూర ఉడుకుతుండగా దానిలో ఉప్పు వేశానా లేదా అన్న అనుమానం వచ్చింది. గరిటె అంచున ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే తేలిపోయే సంగతి. గరిటె చేతిలోనే ఉంది. చుట్టూ ఎవరూ లేరు. అయినా ఆ గరిటె పట్టిన పూర్వీకులందరూ వసారాలో వరుసగా నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. వేసే ఉంటానని నిర్ణయించుకున్నాను. పరమాన్నంలో బెల్లం వేస్తే పాలు కొద్దిగా విరిగినట్టు కనిపించాయి. చిక్కబడుతోంది కాబోలనుకున్నాను.

ఒంటిగంటకు ముగ్గురూ వచ్చారు. చాప మీద కూర్చోబెట్టి విస్తర్లు వేశాను. జువాలజీ అక్క కూర్చుంటూనే నా వేళ్ళు చూసింది.

“ఏమైంది దొరా చేతులకు?”

“ఏమీ కాలేదు.”

మా పద్ధతిలో తీపి ముందు వడ్డిస్తారు. ఇత్తడి గరిటెతో నిండుగా, వరుసగా, పరమాన్నం వడ్డించి పక్కన నిలబడ్డాను. ముగ్గురూ ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ముగ్గురూ నమలడం ఆపారు. ఆ నిశ్శబ్దాన్ని నేను బాగా గుర్తుపట్టాను: మా గడిలో పరమాన్నం తిన్నవాళ్ళు మాటలు మరిచిపోయేవారని మా నాన్న చెప్పేవాడు.

“మీ నాయనమ్మ గిట్లనే చేసేదా?” అంది జువాలజీ అక్క చాలాసేపటికి.

“అచ్చంగా ఇలాగే.”

“పాపం.”

“ఎవరు?”

“ఎవలు లేరు. ఊకెనే అన్న.”

మళ్ళీ గరిటె ఎత్తాను. ఫిజిక్స్ అన్న, “చాలు తమ్మీ,” అన్నాడు. మొహమాటం. వేశాను. “చాలు,” అన్నాడు ఇంకొంచెం గట్టిగా. మర్యాద. వేశాను. మూడోసారి గరిటె విస్తరి మీదికి వచ్చినప్పుడు ఆయన నోరు తెరిచి, నా చేతివైపు చూసి, మూసేశాడు. వేశాను. అక్క కూడా రెండుసార్లు అని ఊరుకుంది. ఇంగ్లిష్ తమ్ముడు ‘చాలు చాలు’ అని ఒక్క ఊపిరిలో అనేశాడు. దాన్ని ఒకటిగానే లెక్కవేశాను. తర్వాత కోడికూర వడ్డించాను. ఫిజిక్స్ అన్న ఒక ముక్క కొరికి, కాసేపు ఆలోచించి, కోడికూరలో పరమాన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు. ఆ జోడింపు నేనెక్కడా చూడలేదు. పక్కనున్న ఇద్దరూ ఆయన విస్తరి చూసి, వాళ్ళూ అలాగే కలుపుకున్నారు. ఇదేదో అన్న సొంతూరు జనగామ వైపు పద్ధతి కాబోలనుకున్నాను. ఇంగ్లిష్ తమ్ముడు నాలుగు గ్లాసుల నీళ్ళు తాగాడు. ఎండాకాలం కదా అనుకున్నాను. మొత్తానికి మూడు విస్తర్లూ ఖాళీ అయ్యాయి. నా గుండె నిండింది. గడి మళ్ళీ లేచి నిలబడినట్టే ఉంది.

వాళ్ళు చేతులు కడుక్కున్నాక నా వంతు వచ్చింది. నేను కూర్చున్నాను. నేను వద్దన్నా వినకుండా అక్క గరిటె తీసుకుని నాకు పరమాన్నం వడ్డించింది. మిగతా ఇద్దరూ గోడకు ఆనుకుని నన్నే చూస్తున్నారు. ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

అది ఉప్పగా ఉంది. తీపిలో ఉప్పు తగలడం కాదు, ఉప్పులో ఎక్కడో దూరంగా తీపి ఉంది. కోడికూర కొరికి చూశాను. దానిలో ఉప్పు లేదు, అసలు లేదు. ఫిజిక్స్ అన్న ఆ రెండూ ఎందుకు కలుపుకున్నాడో అప్పుడు అర్థమైంది. వెన్ను నిటారుగానే పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా, విస్తరిలో ఉన్నదంతా తినేశాను. అక్క మళ్ళీ గరిటె తెచ్చింది.

“చాలు,” అన్నాను.

“అది మొహమాటం,” అని వేసింది.

“చాలు.”

“అది మర్యాద.” వేసింది. ఇంకా నిండుగా మరో గరిటె తీసుకుని నా విస్తరి మీద ఆపి, నవ్వకుండా నిలబడింది. “ఊఁ. మూడోది అను దొరా. ఆపుత.”

నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఒక సంగతి తట్టింది. మూడో ‘చాలు’ అంటే గరిటె ఆగుతుందని వాళ్ళకు తెలుసు. నేనే వాళ్ళ ఇళ్ళల్లో కూర్చుని వారం వారం బోధించాను. తెలిసి కూడా ముగ్గురిలో ఒక్కరూ అనలేదు. అలిగి అక్కణ్ణుంచి వెళ్ళిపోదామని విసురుగా లేచాను. గుమ్మం దాకా వెళ్ళాక అది నా గదేనని గుర్తొచ్చింది.

“ఉప్పగా ఉంది,” అన్నాను గుమ్మం వైపే తిరిగి.

“అమ్మయ్య,” అన్నాడు ఫిజిక్స్ అన్న. “మూడోసారి అందామనే నోరు తెరిచిన తమ్మీ. నీ ఏళ్ళకు కట్టిన గుడ్డలు చూసి రాలే మాట.”

“నేనైతె చాలన్న సార్!” అన్నాడు ఇంగ్లిష్ తమ్ముడు ఏడుపు గొంతుతో. “రెండు అంటే మీరు ఒక్కటే పట్టుకున్నరు. ఇంకెన్నిసార్లు అనాలె?”

జువాలజీ అక్క గరిటె కింద పెట్టి, చాప మీద కూలబడి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. “కోడికి ఉప్పెయ్యలే, బెల్లపన్నంకు ఏసిండు. ఇంత తెలివి ఏ గడిల నేర్పిన్రయ్యా!” తర్వాత నేనూ నవ్వానని వాళ్ళు చెబుతారు. నాకు సరిగ్గా గుర్తులేదు. వచ్చే ఆదివారం అక్క ఇంట్లో నాకు ఇస్తరాకు ఉంటుందని మాత్రం ఆమె వెళ్తూ చెప్పింది. ఆ పై ఆదివారం మళ్ళీ నేనే వండాలని కూడా చెప్పింది.

మర్నాడు కాలేజీ నుంచి తిన్నగా మడికొండ వెళ్ళాను. ఈసారి పనుండి ఇటు వచ్చానని చెప్పలేదు. జరిగినదంతా చెప్పి, “నేర్పు,” అన్నాను.

“రుచి చూసినవా?” అంది వంటవ్వ.

“మా ఇంట్లో రుచి చూడరని...”

“మీ ఇంట్ల!” ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. “ముప్పయ్యేండ్లు వండిన మీ ఇంట్ల. రుచి చూడకుంట వండుడు ఎవలతోనయితది బిడ్డా? గోడ దిక్కు తిరిగి, అరచేతుల ఏసుకొని నాకేదాన్ని. రోజు రెండుపూటల. ఆ గడిల తిన్న తాసిల్దార్లు, సాములు, మీ తాతలు, అందరు నా ఎంగిలే తిన్నరు.”

“నాయనమ్మకు తెలుసా?” అని అడిగాను.

“ఎరుకనే ఉండె గావచ్చు. నేను గరిటె ఎత్తంగనే ఆమె కిటికీల నుంచి బయటికి చూసేది.”

రెండు వారాల తర్వాత నా దావత్‌కు నలుగురు అతిథులు వచ్చారు. నాలుగో మనిషి వంటవ్వ. ఈసారి బెల్లం కొనేటప్పుడు సేటు ఇచ్చిన పెళ్ల నోట్లో వేసుకున్నాను. (ఆయన సంతోషం పట్టలేక ఇంకో పెళ్ల ఇచ్చాడు.) వసారాలో రుచి చూశాను కూడా, ఎందుకో గోడవైపు తిరిగే చూశాను. వంటవ్వ గదిలోకి వచ్చి, వేసి ఉన్న విస్తర్లు చూసి, చాప అంచున నిలబడిపోయింది. మా ఇంట్లో ముప్పయ్యేళ్ళు వండిన మనిషి మా ఇంటి పంక్తిలో ఎన్నడూ కూర్చోలేదని నాకు ఆ నిలబడటం చూశాకే తెలిసింది. మొదటి విస్తరి చూపించి, “ఇక్కడ,” అన్నాను. జువాలజీ అక్క ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

పరమాన్నం వడ్డించాను. వంటవ్వ రుచి చూసి, “బెల్లం జర తక్కువైంది. అయినా మంచిగనే చేసినవ్ బిడ్డా,” అంది. మా వంశ చరిత్రలో వంట గురించి ఒక అతిథి నోటి వెంట నిజం రావడం అదే మొదటిసారి కావచ్చు. ఇంకో గరిటె వేశాను. “చాలు,” అంది. మొహమాటమనుకుని మళ్ళీ ముంచాను. ఆమె విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“చాలన్న గద. నేను ఒక్కసారే చెప్త. మూడేసి సార్లు చెప్పే తీరిక నాకెన్నడుండె?”

గరిటె గాలిలో ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా గిన్నెలోకి దించాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. వంటవ్వ ఇప్పుడు లేదు. ఫిజిక్స్ అన్న రిటైరయ్యాడు, ఇంగ్లిష్ తమ్ముడు సొంత కాలేజీ పెట్టాడు. అయినా నెలకొక ఆదివారం కలుస్తాం, నా వంతు వస్తే నేనే వండుతాను. వెన్ను మునుపటిలా లేదు, గరిటె ఊదుకోవడానికి వంగితే కలుక్కుమంటుంది, వంగే ఊదుకుంటాను. మా ఇంట్లో ఇప్పుడు ఎవరైనా ‘చాలు’ అని ఒక్కసారంటే గరిటె ఆగిపోతుంది. చుట్టాలు సగం కడుపుతో లేస్తున్నారని, పరువు పోతోందని మా ఆవిడ సణుగుతుంది. ఆ మాట వింటుంటే, చేతిరుమాలు పట్టీలు కట్టుకుని, తెల్లచొక్కా వేసుకుని, ఉప్పు పరమాన్నం గిన్నె పక్కన నిటారుగా నిలబడి గడిని తిరిగి కట్టేశాననుకున్న ఆ కుర్రవాడు కళ్ళముందు మెదులుతాడు. వాణ్ణి కూర్చోబెట్టి నాలుగు ముద్దలు పెట్టాలనిపిస్తుంది.

జువాలజీ అక్క మాత్రం మారలేదు. నేను పరమాన్నం గిన్నె తీసుకుని వసారాలోంచి బయటికి రాగానే, ఇంకా విస్తరి దాకా చేరకముందే, రెండు చేతులూ అడ్డం పెట్టి, “చాలు, చాలు, చాలు!” అంటుంది. ఆమె ఒక్కదాని దగ్గర నేను గరిటె ఆపను.